తప్పు నొక్కినా తలెగరేయండి: గరుకు కార్డ్‌లకు పదిహేను చిట్కాలు

కీబోర్డు కొన్నారు. సి మేజర్, ఎఫ్ మేజర్, జి మేజర్ వచ్చేశాయి. ఎ మైనర్ కూడా చేతికి చిక్కింది. ఈ నాలుగింటితో రిసెప్షన్ ప్రోగ్రాముల్లో బోలెడు పాటలు లాగించేయొచ్చు. కానీ అక్కడే ఆగిపోతే ప్రమాదం. శుభ్రమైన కార్డ్ వాయించేవాడి వేలు ఒక్కటి పక్కకు జారినా ముందు వరసలో కూర్చున్న పెదనాన్నకు సైతం తెలిసిపోతుంది. తప్పు దాక్కోవడానికి చోటుండదు.

ఆ చోటు చూపించడానికే ఈ చిట్కాలు. పక్కపక్క స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మోగే కార్డ్‌లను పాశ్చాత్య సంగీతంలో డిసొనెన్స్ లెక్కలో వేస్తారు. మనం గరుకు కార్డ్‌లు అనుకుందాం. నాలుగు వందల ఏళ్లుగా మహామహులు వీటి కోసం పోట్లాడుకున్నారు, లావుపాటి పుస్తకాలు రాశారు, కచేరీల్లో ఈలలు వేయించుకున్నారు. కష్టం వాళ్లు పడ్డారు కాబట్టి మనం పడక్కర్లేదు. పేరు మాత్రం వాడుకుందాం. సాధన చేయకుండా, పాట నేర్చుకోకుండా, ఎవరికీ జవాబు చెప్పుకోకుండా స్టేజీ మీద నిలబడటానికి ఇంతకు మించిన దారి లేదు. ఈ మేలు ప్రతి కీబోర్డు వాద్యగాడికీ అందాలి. వరసగా చదవండి, ఇవాళే మొదలుపెట్టండి.

1. సైన్సు రెండు ముక్కలు నేర్చుకోండి, చాలు.

మధ్య సి సెకనుకు సుమారు 261.6 సార్లు కంపిస్తుంది. దాని పక్కనున్న సి షార్ప్ 277.2 సార్లు. రెండూ కలిపి నొక్కితే ఆ తేడా మేరకు, అంటే సెకనుకు పదిహేనుసార్లకు పైగా, శబ్దం లేచి పడుతుంది. చెవికి అది గరగరలాడుతూ తగులుతుంది. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ఈ సంగతి వివరంగా రాశాడు. 1965లో ప్లాంప్, లెవెల్ట్ అనే ఇద్దరు డచ్ పరిశోధకులు ఇంకో మాట జోడించారు. రెండు స్వరాలూ ఒక ఇరుకు పరిధిలో పడినప్పుడే ఆ గరుకు ఎక్కువ, దూరం జరిపితే మెత్తబడుతుంది అని. దూరం జరపడం మీ పని కాదు. మీకు కావలసిందల్లా "ఇది ఫిజిక్స్ అన్నా" అనే వాక్యం. దాన్ని అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకోండి. కీబోర్డు ముందు చేసే సాధన కంటే ఇది త్వరగా అక్కరకొస్తుంది.

2. ఎడమ చేతిని కీబోర్డు అడుగుకు దించండి.

మధ్యలో సి, ఇ కలిపి నొక్కితే హాయిగా ఉంటుంది. ఆ రెండింటికీ సెకనుకు 68 కంపనాల తేడా. అవే రెండింటినీ రెండు ఆక్టేవులు కిందకు దింపితే తేడా 17కు పడిపోతుంది, కమ్మటి మేజర్ కార్డ్ కూడా గుర్రుమంటుంది. అందుకే తెలిసినవాళ్లు కింద స్వరాలను ఎడంగా పరుస్తారు, ఇరుకు స్వరాలను పైకి పంపుతారు. మీరు అంతా కిందే కుక్కండి. బేస్ గిటార్ ఉన్న చోటికే దిగండి, నాలుగు వేళ్లూ దగ్గరగా పెట్టండి. ఏ కార్డ్ వాయించారో మీకే తెలియదు, ఇక ఎవడు కనిపెడతాడు?

3. ముందుగా సిద్ధం చేయకండి.

1725లో ఫుక్స్ అనే ఆస్ట్రియా సంగీతకారుడు రాసిన పాఠ్యపుస్తకాన్ని హైడన్, బీథోవెన్ లాంటివాళ్లు ముందేసుకుని నేర్చుకున్నారు. అందులో గరుకు స్వరానికి మూడు మెట్లు ఉంటాయి. మొదట ఆ స్వరం కమ్మటి కార్డ్‌లో ఒక భాగంగా వినిపించాలి. తర్వాత కింద కార్డ్ మారినా అది కదలకుండా నిలబడి ఒరుసుకోవాలి. చివరికి ఒక మెట్టు కిందకు దిగి ఊపిరి పీల్చుకోవాలి. మూడు మెట్లు అంటే మూడు చోట్ల ఆలోచించాలి. మీరు మొదటి మెట్టు ఎత్తేయండి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని స్వరం మీద చెయ్యి వేయండి. వినేవాడు ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడ్డవాడు చప్పట్లు మరచిపోయినా మిమ్మల్ని మరచిపోడు.

4. తర్వాత సర్దకండి.

అన్ని చిట్కాలకూ ఇదే తల్లివేరు, కాబట్టి నిదానంగా వినండి. జి సెవెన్‌లో బి, ఎఫ్ అనే రెండు స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. బి పైకి జరిగి సి అవుతుంది, ఎఫ్ కిందకు జరిగి ఇ అవుతుంది, పాట ఇంటికి చేరుతుంది. సస్ ఫోర్ కూడా అంతే. సి, ఎఫ్, జి నొక్కి ఉంచితే చెవి ఎదురుచూస్తుంది, ఎఫ్‌ని ఇ చేయగానే కుదుటపడుతుంది. 1722 నాటి బాఖ్ సంపుటిలోని మొదటి ప్రెల్యూడ్‌లో ఎనిమిదో బారు చూడండి. పక్కపక్కనే ఉన్న బి, సి రెండూ ఒకే కార్డ్‌లో మోగుతాయి. తొమ్మిదో బారులో బి మెల్లగా ఎ మీదకు దిగిపోతుంది. మూడు వందల ఏళ్లుగా జనం ఆ దిగడం కోసమే ఆ కార్డ్‌ను ఇష్టపడుతున్నారు.

మీరు దింపకండి. దింపితే మీకు గమ్యం ఉందని జనానికి తెలిసిపోతుంది, తర్వాతి పాటలో కూడా గమ్యం అడుగుతారు. ఎఫ్ మీద వేలు అలాగే ఉంచి సస్టెయిన్ పెడల్ తొక్కి నీళ్ల సీసా అందుకోండి. ఎవరైనా నిలదీస్తే వాగ్నర్ పేరు చెప్పండి. ఆయన 'ట్రిస్టాన్' ఒపేరా 1865లో మ్యూనిక్‌లో మొదటిసారి ఆడింది. మొదట్లోనే ఎఫ్, బి, డి షార్ప్, జి షార్ప్ కలిసిన కార్డ్ ఒకటి వస్తుంది, అది రేపిన ఆరాటం దాదాపు నాలుగు గంటల తర్వాత చివరి బారుల్లో గానీ తీరదు. ఆ నాలుగు గంటల్లో ఆయన ఒక్కో స్వరాన్ని ఎక్కడికి నడిపించాడో చెప్పనవసరం లేదు. "వాగ్నర్ నాలుగు గంటలు ఆగాడు, మీరు నాలుగు నిమిషాలు ఆగలేరా?" అనండి. పాట అయిపోయాక ఎవరూ లెక్క చూడరు.

5. మోజార్ట్‌ను జేబులో పెట్టుకోండి.

ఆయన 1785లో పూర్తి చేసి హైడన్‌కు అంకితమిచ్చిన ఆరు క్వార్టెట్లలో ఒకదానికి డిసొనెన్స్ క్వార్టెట్ అనే పేరు స్థిరపడింది. మొదట సెల్లో మీద సి, దాని మీద వయోలా ఎ ఫ్లాట్, దాని మీద రెండో వయొలిన్ ఇ ఫ్లాట్ వస్తాయి. అంతలో మొదటి వయొలిన్ పైనుంచి మామూలు ఎ తో దిగుతుంది. ఎ ఫ్లాట్ విన్న చెవికి ఎ తగలగానే నేల జారినట్టు ఉంటుంది. అలా 22 బారులు చీకట్లో నడిచి, తర్వాత నిష్కల్మషమైన సి మేజర్‌లోకి తలుపు తెరుచుకుంటుంది. ఆ వెలుగు కోసమే ఆ చీకటి. మీరు 22 బారులు తీసుకుని తలుపు వదిలేయండి. పాట మొత్తం చీకట్లోనే ఉంచితే ఎక్కడ తడబడ్డా కనిపించదు.

6. "ఎందుకు?" అంటే సాహిత్యం మీదకు తోసేయండి.

1600లో ఆర్టూజీ అనే ఇటలీ పండితుడు కొత్త పాటల్లో నియమం తప్పిన స్వరాలున్నాయని ఒక పుస్తకంలో ఏకిపారేశాడు. అవి స్వరకర్త మాంటెవెర్డీ రాసిన మాడ్రిగల్ పాటల్లోవి. మాటలే యజమాని, సంగీతం వాటి సేవకురాలు అన్నది మాంటెవెర్డీ పక్షం జవాబు. ప్రియురాలి క్రూరత్వం గురించిన మాట దగ్గర గరుకు స్వరం పెట్టాడు, మాట మారగానే తీసేశాడు. మీరు సాహిత్యం చదవకండి. చదివితే ఏ మాట దగ్గర పెట్టాలో, ఏ మాట దగ్గర తీయాలో తేల్చుకోవాల్సి వస్తుంది. అన్ని మాటలకూ ఒకే గరుకు పెట్టి "భావం సార్" అనండి. 'చందమామ' దగ్గరా భావమే, 'చెక్కిలి' దగ్గరా భావమే.

7. దెయ్యం కథ తప్పకుండా చెప్పండి.

ఎఫ్ నుంచి బి వరకు ఉండే దూరం ట్రైటోన్. ఆక్టేవును సరిగ్గా సగానికి కోసే దూరం అది. పాతకాలంలో దీనికి సంగీతంలోని సైతాను అని పేరు పెట్టారు. మధ్యయుగపు చర్చి దీన్ని నిషేధించిందని ఒక కథ తిరుగుతోంది. అలాంటి నిషేధానికి దస్తావేజులు ఎవరూ చూపలేదు. మీరు చూపక్కర్లేదు. ప్రోగ్రాం మధ్యలో చెయ్యి తప్పి ట్రైటోన్ మోగిందంటే మైకు అందుకుని నిషేధం కథ మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు గడిచిపోతాయి, ఆ ఐదు నిమిషాలూ వాయించే పని లేదు. ప్రతి జి సెవెన్‌లో, అంటే ప్రతి మామూలు భక్తిగీతంలో, అదే ట్రైటోన్ నిక్షేపంగా ఉందని మాత్రం నోరు జారకండి.

8. ట్రాన్స్‌పోజ్ బటన్‌ను నమ్మండి.

గాయని వచ్చి "నాది ఐదున్నర శ్రుతి అండీ" అంటుంది. అంటే జి షార్ప్. తలూపండి, బటన్ ముట్టకండి. మీరు జి లో, ఆమె జి షార్ప్‌లో. పల్లవి నుంచి మంగళం దాకా ప్రతి స్వరమూ పక్క స్వరంతో ఒరుసుకుంటుంది. ఒక్క గరుకు కార్డ్ కూడా నేర్చుకోకుండా పాట మొత్తం గరుకు చేయడానికి ఇంత సులువైన పద్ధతి మరొకటి లేదు. లేదంటే కిందటి పాటకు నొక్కిన బటన్ అలాగే వదిలేయండి, గిటారిస్టు ఒక శ్రుతిలో, మీరు ఇంకో శ్రుతిలో హాయిగా సాగుతారు.

దీనికి పాలిటోనాలిటీ అని పేరుంది. స్ట్రావిన్‌స్కీ 1911లో 'పెట్రూష్కా'లో సి మేజర్‌నూ ఎఫ్ షార్ప్ మేజర్‌నూ కలిపి మోగించాడు. ఫ్రాన్సులో మీయో ఏకంగా కుడి చేతికి ఒక శ్రుతి, ఎడమ చేతికి ఒక శ్రుతి ఇచ్చి పియానో ముక్కలు రాశాడు. వాళ్లు ఏ రెండు శ్రుతులో ముందే తేల్చుకుని, ఏది ఎప్పుడు పైకి రావాలో కొలిచి రాశారు. మీరు ఏ శ్రుతిలో ఉన్నారో చూసుకోకుండానే అక్కడికి చేరారు. దగ్గరి దారి అంటే ఇదే.

9. తప్పు పడితే మూడుసార్లు కొట్టండి.

ఒకసారి పడితే తప్పు, మూడుసార్లు పడితే శైలి. 1913 మే 29న పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' తొలి ప్రదర్శన గోలగోలగా సాగింది. అందులో ఇ ఫ్లాట్ సెవెన్ కింద ఇ మేజర్ పెట్టిన కార్డ్ ఒకటి అదేపనిగా మోగుతుంది. ఎనిమిది హార్న్‌లు ఊహించని చోట దెబ్బ వేస్తాయి. ఆ దెబ్బలు ఎక్కడెక్కడ పడాలో ఆయన ఒక్కొక్కటీ రాసి పెట్టాడు. మీకు అంత ఓపిక అనవసరం. తప్పు పడిన చోటే చెయ్యి ఉంచి అదే కార్డ్‌ను గట్టిగా కొట్టండి. ప్యాడ్స్ వాయించే కుర్రాడు తాళం తప్పి మీ వైపు చూస్తాడు. మీరు అతని వైపు జాలిగా చూడండి. తప్పు అతని ఖాతాలో పడుతుంది.

10. తీయని కార్డ్‌ల మీద కన్నేసి ఉంచండి.

సి మేజర్ సెవెన్ అంటే సి, ఇ, జి, బి. ఇందులోనూ సి, బి ఒరుసుకుంటాయి, కానీ ఎడంగా ఉండటం వల్ల పాటకు తేనె పూసినట్టు ఉంటుంది. జాజ్ పాఠాల్లో ఈ కార్డ్ మీద ఎఫ్‌ని నిలబెట్టొద్దంటారు. కింద ఉన్న ఇ తో అది అరమెట్టు తేడాలో, ఆక్టేవు పైన పడుతుంది, కార్డ్ రంగు పాడవుతుంది. వద్దన్నారంటే అక్కడ ఏదో సరుకు ఉందన్నమాట. ప్రతి మేజర్ సెవెన్ మీద ఎఫ్ పెట్టి, పాట ఆగేచోట మరీ ఎక్కువసేపు పెట్టండి. డిమినిష్డ్ సెవెన్ అయితే ఇంకా లాభం. పియానో మీద ఉన్న పన్నెండు స్వరాలకు అలాంటి కార్డ్‌లు మూడే మూడు, మిగతావన్నీ వాటిని తిరగేసినవే. మూడు నేర్చుకుంటే చదువు పూర్తి. వాటిలో ఒక్కొక్కటీ నాలుగైదు శ్రుతుల్లోకి తలుపు తీయగలదు. తలుపులన్నీ మూసే ఉంచండి.

11. ఏ పాటకు ఏ కార్డ్ అని చూడకండి.

జిమీ హెండ్రిక్స్ 1967లో 'పర్పుల్ హేజ్'లో ఇ, జి షార్ప్, డి, జి కలిపి మోగించాడు. జి షార్ప్, జి రెండూ ఒకే కార్డ్‌లో కొట్టుకుంటుంటే గిటార్ ఎగిరిపడింది. బెర్నార్డ్ హెర్మన్ 1960లో 'సైకో' సినిమాకు తీగ వాయిద్యాలు మాత్రమే వాడి, స్నానాల గది సీనులో ఒరుసుకునే స్వరాలను కత్తిలా పొడిచాడు. ఇద్దరూ సందర్భం చూసుకుని చేశారు. సందర్భం చూడాలంటే ముందు పాట వినాలి, సీను తెలియాలి. అంత శ్రమ ఎందుకు? హెండ్రిక్స్ కార్డ్‌ను లాలిపాటలో పెట్టండి. సైకో స్ట్రింగ్స్‌ను వధూవరులు దండలు మార్చుకునేటప్పుడు వదలండి. వీడియో తీసేవాడు కెమెరా మీ మీదకు తిప్పుతాడు. పెళ్లి ఆల్బంలో మీరు శాశ్వతంగా ఉండిపోతారు.

12. వేళ్లు నొప్పి పెడితే మోచెయ్యి వాడండి.

అమెరికాలో హెన్రీ కొవెల్ పిడికిలితోనూ ముంజేతితోనూ పియానో నొక్కి స్వరాల గుత్తులు మోగించాడు. ఏ మీట నుంచి ఏ మీట వరకు నొక్కాలో కాగితం మీద గీసి చూపాడు, పై స్వరం పాటలా వినపడేలా బరువు సర్దాడు. మీరు బరువు సర్దకండి, వాలిపోండి. చర్చిలో ఆరాధన చివర ఆమెన్ కోసం క్వైరంతా ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు ఎడమ మోచెయ్యి ఆనించి కుడి చేత్తో పాటల పుస్తకం మూయండి. ఒకే కదలికలో రెండు పనులు.

13. కర్ణాటక గాయకులు దొరికితే వదలకండి.

మన సంగీతంలోనూ ఈ గరుకు ఉంది. దాని పేరు వివాది. 72 మేళకర్తల్లో 40 వివాది మేళాలు. త్యాగరాజ పంచరత్నాల్లో మొదటిదైన 'జగదానందకారక' నాట రాగం, 'కనకనరుచిరా' వరాళి. రెండింటిలోనూ వివాది స్వరాలున్నాయి. నాటలో షట్‌శ్రుతి రిషభానికీ అంతర గాంధారానికీ అరమెట్టే దూరం. అందుకే విద్వాంసులు ఆ రిషభాన్ని ఊపి నిలబెడతారు, దిగేటప్పుడు గాంధారాన్ని వదిలేసి మధ్యమం నుంచి నేరుగా రిషభానికి వస్తారు. ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి తప్ప రెండూ ఒకేసారి మోగవు. వివాదిలో అందం పుట్టేది ఆ నడకలోనే.

మీకు నడకతో పని లేదు, కీబోర్డు మీద రెండు వేళ్లున్నాయి. రిషభం, గాంధారం కలిపి నొక్కి, తంబూరా షడ్జమం పక్కన ఇంకో అరమెట్టు జోడించండి. గాయకుడు కళ్లు తెరిచి మీ వైపు చూస్తే "వివాది స్వామీ, వివాది" అనండి. వివాది పాడితే అరిష్టమని పాతవాళ్లలో ఒక భయం ఉండేది. కచేరీ మధ్యలో ఆగిపోతే ఆ భయం నిజమైందని కూడా మీరే చెప్పొచ్చు. ఎటు తిరిగినా మీ తప్పు లేదు.

14. మీ కార్డ్‌ను సర్దే బాధ్యత పక్కవాడికివ్వండి.

జాజ్ పియానిస్టు హెర్బీ హాంకాక్ చెప్పుకున్న సంగతి ఒకటుంది. 1960లలో యూరప్‌లో మైల్స్ డేవిస్ కచేరీలో తాను పూర్తిగా తప్పు కార్డ్ వాయించాడు. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ కార్డ్ ఒప్పయ్యేలా స్వరాలు ఎంచి ట్రంపెట్ ఊదాడు. మైల్స్ దాన్ని తప్పుగా వినలేదని, అదే తాను నేర్చుకున్న పాఠమని హాంకాక్ అంటాడు. మనం నేర్చుకోవలసింది వేరే. తప్పు వాయించండి, సర్దేవాడు సర్దుకుంటాడు. ఆర్కెస్ట్రాలో మైల్స్ లేకపోతే అది ఆర్గనైజర్ లోపం. రిహార్సల్‌కు వెళ్లకండి. వెళితే ఏ కార్డ్ ఎక్కడో అందరికీ తెలుస్తుంది, సర్దే అవకాశం వాళ్లకు పోతుంది.

15. షోన్‌బెర్గ్ పేరుతో ముగించండి.

గరుకు స్వరానికి విముక్తి ఇచ్చిన స్వరకర్త అని ఆయనకు పేరు. ఆయన బృందం 1913 మార్చి 31న వియన్నాలో చేసిన కచేరీలో కొట్లాట జరిగి కార్యక్రమం మధ్యలోనే ఆగిపోయింది. మీ లక్ష్యం అదే అనుకోండి. అయితే అంతకు రెండేళ్ల ముందు, 1911లో, ఆయనే పాత హార్మనీ నియమాలన్నీ ఓపిగ్గా నేర్పే భారీ పుస్తకం ఒకటి అచ్చువేశాడు. ఏ తలుపు పగలగొట్టాడో ఆ తలుపు గడియ ఎలా తీయాలో ఆయనకు బాగా తెలుసు. ఆ పుస్తకం కొనండి. కీబోర్డు స్టాండు ఒక కాలు పొట్టిగా ఉంటే కింద పెట్టడానికి సరిపోతుంది.

ఎవరికి ఏ సాకు

చిట్కాలు సగమే. మిగతా సగం సాకు. మనిషిని బట్టి సాకు ఉండాలి, అందుకే కింది వరసలు కంఠస్థం చేయండి.

గాయని కోప్పడితే: "మేడం, మీ గొంతు తేనె. కింద కాస్త గరుకు ఉంటేనే తేనె సంగతి తెలుస్తుంది."

గిటారిస్టు కోప్పడితే: "తమ్ముడూ, నువ్వింకా మేజర్ దగ్గరే ఆగిపోయావురా."

ఆర్గనైజర్ అడిగితే: "అన్నా, మానిటర్‌లో నాకేం వినపడలేదు." ఈ సాకు ప్రతి ఊళ్లోనూ పనిచేస్తుంది, సౌండ్ బాక్సులవాడు తప్ప ఎవరూ కాదనరు. అతన్ని ముందే టీకి పంపించండి.

పెళ్లికూతురి తండ్రి అడిగితే: "బాబాయిగారూ, ఇప్పుడు సినిమా రికార్డింగుల్లో అంతా ఇదే."

పాస్టరు అడిగితే: "అయ్యగారూ, శ్రమల వారం కదా, ఆ బాధ వినిపించాలని." అది క్రిస్మస్ అయితే, సిలువ నీడ అప్పుడే పశువుల తొట్టె మీద పడిందని చెప్పండి.

గురువుగారు అడిగితే: "మీరు నేర్పిందే గురువుగారూ, నేను కాస్త ముందుకు తీసుకెళ్లాను." ఆయన ఇంకేదైనా అనేలోపు కాళ్లకు దండం పెట్టండి. వంగిన మనిషిని తిట్టడం కష్టం.

ఇంట్లో నాన్న అడిగితే: "చెవి అలవాటు పడాలి నాన్నా." పడేదాకా రాత్రి పదకొండు తర్వాత అడుగు స్వరాలు మోగించండి. పక్కవాటా వాళ్లకు కూడా అలవాటవుతుంది.

ఒక జాగ్రత్త. ఎక్కడా ఒకే సాకు రెండుసార్లు చెప్పకండి. కార్డ్ మారకపోయినా ఫర్వాలేదు, సాకు మాత్రం మారుతూ ఉండాలి. మీ సృజన అంతా అక్కడే పెట్టండి.

మెట్టుమెట్టుగా మీరు చేరే చోటు

మొదట్లో జనం "కొత్తగా ఉంది" అంటారు. ఆ మాటను సర్టిఫికెట్టులా దాచుకోండి. కొన్నాళ్లకు గాయని "ఈ పాటకు ట్రాక్ పెట్టుకుంటాను" అంటుంది. గెలుపు మొదలైంది. ఆ పాటకు మీరు వాయించక్కర్లేదు, పారితోషికం మాత్రం వస్తుంది. తర్వాత అన్ని పాటలకూ ట్రాక్ వస్తుంది. కీబోర్డు కరెంటు తీసేసి చేతులు ఆడించండి, జీవితంలో మొదటిసారి మీరు ఒక్క తప్పు కూడా వాయించని ప్రోగ్రాం అది.

ఆ తర్వాత అడ్వాన్సులు ఆగుతాయి. ఫోన్లు ఆగుతాయి. పెళ్లిళ్ల సీజన్లో కూడా మీ శనివారాలు ఖాళీగా ఉంటాయి. కంగారు పడకండి, ఇన్నాళ్లూ మీరు కోరుకున్నది ఇదే. పాట నేర్చుకోమనేవాడు లేడు, రిహార్సల్‌కు రమ్మనేవాడు లేడు, ఐదున్నర శ్రుతి అనేవాళ్లు లేరు. బిజీగా ఉన్న పాత స్నేహితుడు ఎదురైతే అతని కార్డ్‌లు మరీ కమర్షియల్ అని పెదవి విరవండి. మీకు షోలు లేకపోవడమే మీ స్థాయికి రుజువని చెప్పండి. అతను నమ్మకపోయినా మీరు నమ్మండి.

చివరి పని కీబోర్డు అమ్మడం. ధర తగ్గించకండి, అడుగు మీటలు తప్ప మిగతావి కొత్తవిలాగే ఉంటాయి. కొనడానికి వచ్చిన కుర్రాడు ఊరికే ఉండడు, బి, సి కలిపి నొక్కి, చెవి వంచి, బి మీది వేలును ఎ మీదకు దింపుతాడు. దింపాక వాడి ముఖం విప్పారుతుంది. అక్కడే మందలించండి. అలా ప్రతి కార్డ్‌నూ ఎక్కడికో తీసుకెళ్లడం అలవాటైతే రేపట్నుంచి రోజూ సాధన చేయాల్సి వస్తుందని, అందరూ పిలుస్తారని, ఒక్క శనివారం కూడా మిగలదని హెచ్చరించండి. ఈ పదిహేను చిట్కాలు రాసిన కాగితం వాడి చేతిలో పెట్టి, డబ్బు లెక్క చూసుకోండి.